ఫ్యూజు బదులు పెట్టిన తీగె

ఒక మాటను ఇన్నేండ్లూ మింగలేక కక్కలేక లోపలే పెట్టుకోనుండా. అన్నం తినేటప్పుడు ఉంటాది. నవ్వేటప్పుడు ఉంటాది. ఎవరన్నా నన్ను మెచ్చుకున్నప్పుడైతే అది ఇంకా బరువెక్కుతాది.

మీరెవరో నాకు తెలీదు. అదే మేలు. తెలిసినోళ్ళకు చెప్పే ధైర్యముంటే ఎప్పుడో చెప్పిందును. మా ఆయనకు చెప్పల్యా. మా నాయన పోయేముందు రెండు దినాలు ఆయన మంచం పక్కనే కూచున్నా, ఆయనకూ చెప్పల్యా. దేవునికి చెప్పుకున్నా అనుకోండి. కానీ దేవునికి చెప్పడం ఏం చెప్పడం? ఆయన తిరిగి అడగడు. ముఖం మాడ్చుకోడు. చెప్పినట్టూ ఉంటాది, చెప్పనట్టూ ఉంటాది.

పేర్లు మార్చి రాస్తాండా. నా పేరు అసలే రాయను. మా మరిదిని తిప్పేసు అంటాను. రాయదుర్గం పక్క వీధికి ఇద్దరు తిప్పేసులు ఉంటారు, ఎవరని మీరు కనుక్కోలేరు.

మా నాయనది ఉరవకొండలో మోటర్లు చుట్టే అంగడి. బోరు మోటరు కాలిపోతే మాడిపోయిన తీగె పీకేసి కొత్త రాగి తీగె చుట్టే పని. మా పక్క నీళ్ళు పాతాళంలో ఉంటాయి, మోటర్లు ఊరికే కాలిపోతాంటాయి, అందుకని ఆయనకు పని కరువు లేదు. పది చదివి మానుకున్నాక నేను ఆయన దగ్గరే కూచునేదాన్ని. తీగెను పట్టుకుంటే దాని మందం నా వేళ్ళకే తెలిసేది. నాయన పెద్దగా మాట్లాడే మనిషి కాదు. కానీ ఒక మాట మాత్రం వచ్చినోళ్ళకంతా చెప్తాండె. "ఫ్యూజు పోయిందంటే అది నీకేదో చెప్తాండాదప్పా. దాని నోరు మూయద్దు. ఏం చెప్తాండాదో చూడు."

ఆ మాట వింటా పెరిగినదాన్ని నేను. తెలీక చేసినానని చెప్పుకునేదానికి లేదు.

నన్ను ఇచ్చిన ఊరు రాయదుర్గానికి దగ్గర. పెండ్లయినాక వరసగా శనక్కాయ పంట పోయింది. ఊడలు దిగే పొద్దుకు వాన ఉండదు, పీకే పొద్దుకు వస్తాది. బోరు వేస్తే దుమ్ము లేచింది. అప్పటికే రాయదుర్గంలో జీన్స్ ప్యాంట్లు కుట్టే యూనిట్లు పెరగతాండె. మా ఊరి ఆడోళ్ళు పొద్దున్నే రోడ్డు దాకా నడిచిపోయి బస్సు కోసం నిలబడేవాళ్ళు. బస్సు వస్తే వచ్చె, ల్యాకుంటే ల్యా. లేటుగా పోతే ఆ పొద్దు కూలి లేదు. మా ఆయన అది చూసి ఒక వ్యాను ఉంటే బాగుండునని అనుకున్నాడు. ఆడోళ్ళను పొద్దున దించి, సాయంత్రం తెచ్చే వ్యాను.

తిప్పేసు అప్పుడు తాడిపత్రిలో లారీలకు బాడీ కట్టే షెడ్డులో పని చేస్తాండె. బండలు పాలిష్ పట్టే ఒక ఫ్యాక్టరీ వెనకాల పాత వ్యాను పడుండాదని కబురు చేసినాడు. నేను పుట్టకముందు నాటి వ్యాను అది. ముందరి భాగం మొద్దుగా, గుండ్రంగా, కండ్ల మాదిరి రెండు పెద్ద లైట్లు. దాన్ని లారీలో ఎక్కించుకోని వచ్చి మా ఇంటి ముందర దించితే ఊరంతా వచ్చి చూసినారు. బండల పొడి పట్టి తెల్లగా, పిండిలో పొర్లిచ్చినట్టు ఉండె. అడుగు రేకు తుప్పు పట్టి, లోపల నిలబడితే నేల కనబడతాండె. మా అత్త చుట్టూ తిరిగి చూసి, "దీన్ని తెచ్చేదానికి బదులు రెండు బర్రెలు తెచ్చింటే పేడన్నా వచ్చిండు," అనింది.

తిప్పేసు తాడిపత్రి పని వదిలేసి వచ్చేసినాడు. ఇంటి ముందర నాలుగు గుంజలు పాతి, పైన తాటాకులు కప్పి, ఆ నీడలో పని మొదలుపెట్టినాడు.

ఆ నెలలు నా బతుకులో మంచి నెలలు. చెప్పాలంటే సిగ్గుగా ఉండాది, కానీ నిజం. తిప్పేసు తుప్పంతా తీగె బ్రష్షుతో గీకినాడు. పోయిన రేకు కత్తిరించి తీసేసి, కొత్త రేకు పెట్టి గ్యాసుతో అతికించినాడు. సొట్టలు పోయిన చోట లోపల మొద్దు పెట్టి బయటనుంచి చిన్నగా కొడతాంటే, పొద్దంతా టకటకమని ఊరికంతా వినపడతాండె. తర్వాత లప్పం పూసి, నీళ్ళతో గరుకు కాగితం రుద్ది, చెయ్యి పెట్టి నిమిరి చూసేవాడు. "వదినా, కండ్లు మూసుకోని చెయ్యి పెట్టు, యాడన్నా గరుకు తగిలితే చెప్పు," అనేవాడు. నేను కండ్లు మూసుకోని నిమిరి, ఈడ అని చెప్పేదాన్ని. రంగు కొట్టే పొద్దు గాలి ఆగల్యా. దుమ్ము లేస్తే రంగుకంతా అంటుకుంటాది. చుట్టూ నీళ్ళు చల్లల్ల. ఆ ఎండాకాలంలో బిందె నీళ్ళు తెచ్చుకునేదే గగనం. అట్లాంటిది నేనూ మా అత్తా మోసి తెచ్చిన నీళ్ళను మా ఆయన నేల మీద పోస్తాంటే, మా అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకోని లోపలికి పోయింది. ఆకాశం రంగు కొట్టినారు. వాన లేని ఊర్లో అంత నీలం చూసి నవ్వుకున్నాం.

వైరింగు నాది.

మొదట మా ఆయన టౌన్లో ఎలక్ట్రీషియన్ను పిలుస్తానన్నాడు. పాత వైర్లు పట్టుకుంటే పైతొడుగు అప్పడం మాదిరి పొడైపోతాండె. నేను చేస్తానన్నా. ఆయన తిప్పేసు ముఖం చూసినాడు. తిప్పేసు, "వదిన చేస్తాదిలే అన్నా, నాకంటే బాగా చేస్తాది," అన్నాడు. మొదట నమ్మింది వాడే.

పాత వైరు ఒక్కొక్కటి పీకేముందు, అది యాణ్ణుంచి యాడికి పోతాండాదో చూసుకోని, కుట్టు యూనిట్ల నుంచి తెచ్చిన గుడ్డ పేలికలు కట్టినా. లైట్లకు ఒక రంగు, హారనుకు ఒకటి, బ్రేకు లైటుకు ఒకటి. కొత్త వైర్లన్నీ కలిపి జడ అల్లినట్టు చుట్టి, డాష్‌బోర్డు వెనకాల నుంచి పోనిచ్చినా. మొదటిసారి బ్యాటరీ తగిలించి లైట్లు వేస్తే రెండు కండ్లూ తెరుచుకున్నట్టు వెలిగినాయి. తిప్పేసు చప్పట్లు కొట్టినాడు. మా ఆయన గూడా నవ్వినాడు. కానీ ఊర్లో ఎవరన్నా అడిగితే మాత్రం, "బాడీ, వైరింగు అంతా మా తమ్ముడే," అని చెప్తాండె. ఆడది వైర్లు కట్టిన బండిలో ఇంట్లో ఆడోళ్ళను పంపరని ఆయన భయం. ఆయన్ను తప్పు పట్టలేను. కానీ ఆ మాట విన్నప్పుడల్లా లోపల ఒక చోట మండేది.

ఇప్పుడు అసలు మాట.

పనంతా అయిపోయింది. మరునాడు పొద్దున పూజ చేసి వ్యాను మొదటిసారి తీయల్ల. ఆడోళ్ళకంతా చెప్పినాం. ఊరి పెద్దమనుషులు వస్తామన్నారు. ముందు దినం సాయంత్రం అన్నదమ్ములిద్దరూ పూలు, నిమ్మకాయలు తెచ్చేదానికి టౌనుకు పోయినారు. నేను ఇంకోసారి అన్నీ చూసుకుందామని లైట్లు వేసినా. వెలిగినాయి. డోరు గట్టిగా వేసినా. లైట్లు ఆరిపోయినాయి. ఫ్యూజు పోయింది. ఇంకోటి పెట్టినా. డోరు వేస్తే మళ్ళీ పోయింది.

నాకు అర్థమైంది. డోరు అదురుకు లైట్ల వైరు యాడో రేకుకు ఆనుకుంటాండాది. డాష్‌బోర్డు వెనకాల రేకుకు ఒక కన్నముంటాది, వైర్లు అందులోంచే పోతాయి. ఆ కన్నానికి రబ్బరు వెయ్యల్ల. అసలుది దొరక్కపోతే సైకిలు ట్యూబు ముక్క కోసి వేసింటి. అది పక్కకు జరిగింటాది. అంతే. డాష్‌బోర్డు మొత్తం విప్పితే గానీ చెయ్యి పోదు. విప్పితే రాత్రికి అయితాదో కాదో. కొత్త రంగు గీసుకుంటాది. మా అత్త గడపలో నిలబడి, "ఏమమ్మా, అయ్యిందా? ల్యాకుంటే రేపు అందరూ కలిసి తోసుకోని పోవల్లనా?" అనింది.

ఆమె మాటకు కోపమొచ్చి చేసినానా? కాదు. ఆమె మీద తోయను. రేపు పొద్దున అందరి ముందర లైట్లు వెలక్కపోతే, వైరింగు నాదని అప్పుడు చెప్తారేమో అనిపించింది. బాగున్నన్నాళ్ళూ తమ్ముడిది, చెడితే వదినది. ఆ అవమానం నేను పడలేననుకున్నా. రాగి పోగులు నాలుగు కలిపి మెలేసి, ఫ్యూజు బదులు పెట్టేసినా. లైట్లు వేసి, డోరు గట్టిగా వేసినా. ఆరల్యా. ఎన్నిసార్లు వేసినా ఆరల్యా. ఇంక ఆరవు గూడా. తీగె కరగదు గదా.

పూజ బాగా జరిగింది. తిప్పేసు తోలినాడు, వ్యాను బాగా పోయింది. ఆదివారం విప్పి సరి చేద్దామనుకున్నా. ఆదివారం పెండ్లివాళ్ళు వ్యాను అడిగినారు. తర్వాత ఆదివారం ఇంకోటి. ఆ తీగె సంగతి మరిచిపోయినానంటే అబద్ధం. ఒక్క దినం గూడా మరవలేదు. సాయంత్రం వ్యాను శబ్దం వినపడేదాకా నాకు కుదురుండేది కాదు. వినపడినాక, చూసినావా ఏం కాలేదు అనుకునేదాన్ని. అట్లా నెలలు పోయినాయి. ఏం కాని ప్రతి దినమూ నాకు ధైర్యం ఇచ్చింది. తప్పుడు ధైర్యం.

నడమ ఒకసారి దారిలో హారను పనిచేయకపోతే తిప్పేసు తనే ఫ్యూజు మార్చినాడు. ఇంటికొచ్చి ఆ మాట నాకు సంతోషంగా చెప్పినాడు, నేర్పించినావు గదా వదినా అని. హారను ఫ్యూజు వేరే. లైట్లది వేరే. లైట్లదాన్ని వాడు ముట్టుకోలేదు. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి. నేను పెట్టుకున్నా.

చలికాలం. సాయంత్రం తొందరగా మసకేస్తాది. తిప్పేసు ఆడోళ్ళను ఎక్కించుకోని వస్తాండె. లైట్లు వేసినాడు. ముందరి సీట్లో రత్నమ్మ కూచోనుండె. కాజాలు కుట్టడంలో ఆమెంత వేగంగా కుట్టేవాళ్ళు ఆ యూనిట్లో లేరని చెప్పుకునేవాళ్ళు. ఇంటికి తీసుకుపోయి కుట్టేదానికని ఆమె కాళ్ళ దగ్గర గుడ్డల మూట పెట్టుకోనుండె. డాష్‌బోర్డు కింద నుంచి పొగ వచ్చింది. ఆ వెంటనే మంట. మూట అంటుకుంది. పారిపోకుండా ఆమె కుడిచేత్తో కొట్టి ఆర్పబోయింది. నైలాను చీర. కరిగి చేతికి అంటుకుపోయింది. తిప్పేసు వ్యాను ఆపి, ఆమెను బయటికి లాగి, మట్టి చల్లి ఆర్పినాడు. వెనకున్నోళ్ళంతా దిగేసినారు. ప్రాణం ఎవురిదీ పోలేదు. కానీ రత్నమ్మ వేళ్ళు లోపలికి ముడుచుకోనిపోయినాయి. మళ్ళా సూది పట్టుకోలేదు ఆమె.

రాయదుర్గం నుంచి మెకానిక్కు వచ్చి చూసినాడు. కాలిపోయిన ఫ్యూజు డబ్బాలో నుంచి రాగి ముద్ద తీసి, అందరి ముందరా అరచేతిలో పెట్టుకోని చూపించినాడు. "ఫ్యూజు ఉండాల్సిన చోట ఎవరో లావు తీగె పెట్టినారప్పా. ల్యాకుంటే ఇంత కాలిండదు," అన్నాడు.

అందరూ తిప్పేసును చూసినారు. బాడీ, వైరింగు అంతా వాడిదేనని ఊరంతటికీ తెలుసు గదా. మా ఆయన నన్ను చూసినాడు. నేను తల అడ్డంగా ఊపినా. ఒక్కసారి. ఆయన నమ్మినాడు.

ఆ మధ్యాహ్నం నేను ఇంటి వెనకాల గిన్నెలు తోముతాంటే తిప్పేసు వచ్చినాడు. రెండు దినాలుగా అన్నం తిన్లేదు. చేతుల మీద వాడికి గూడా బొబ్బలు. నా ముందర నేల మీద కూలబడినాడు.

"వదినా," అన్నాడు. "నేను హారను ఫ్యూజు మార్చినా గదా. అప్పుడు లైట్లదాంట్లో గూడా తీగె ఏమన్నా పెట్టింటానా? ఎంత తలకాయ పగలగొట్టుకున్నా గ్యాపకం రావడంల్యా. నువ్వు చెప్పు. నీకైతే తెలుస్తాది."

వాడు నన్ను అనుమానించలేదు. నిలదీయలేదు. రోగం వచ్చినోడు డాక్టరును అడిగినట్టు అడిగినాడు. నాకే తెలుస్తాదని నమ్మినాడు. నిజంగానే నాకే తెలుసు.

నేను గిన్నె వైపు చూస్తా అన్నా. "ఆ పొద్దు అలిసిపోయి యాష్టలో ఉంటివి గదా. పెట్టింటావులే. ఎవరికి గుర్తుంటాది?"

"అయితే నేనే," అన్నాడు తిప్పేసు.

లేచి పోయినాడు. నేను గిన్నె తోముతానే ఉన్నా. తళతళలాడేదాకా తోమినా.

ఎందుకన్నా ఆ మాట? ఇన్నేండ్లలో ఎన్నో జవాబులు చెప్పుకున్నా. భయపడినానని. మా ఆయన నన్ను పుట్టింటికి తరిమేస్తాడనుకున్నానని. చంకలో బిడ్డ ఉన్నిందని. అన్నీ నిజమే, అన్నీ సాకులే. వైరింగు నాదని ఎవురూ ఒప్పుకోకపోతిరి గదా, తప్పు మాత్రం నాదెట్లయితాది అని గూడా ఒక పొద్దు అనుకున్నా. అంత నీచంగా ఆలోచించగలిగినా. కానీ "నాకు తెలీదు" అని ఊరుకోనుంటే కూడా సరిపోయేది గదా? నేను ఊరుకోలేదు. వాడి తలకాయలో లేని జ్ఞాపకాన్ని నా చేత్తో పెట్టినా. ఆ తీగె పెట్టినట్టే, ఇదీ పెట్టినా. మంట తీగె వల్ల వచ్చింది, దాన్ని పొరపాటని ఎవరన్నా అనొచ్చు. గిన్నెల దగ్గర నేను చేసింది పొరపాటు కాదు.

పెద్దమనుషులు కూచున్నారు. తిప్పేసు ఎవురూ అడగకముందే ఒప్పుకున్నాడు. తన భాగం చేను అమ్మి రత్నమ్మకు బెంగుళూరులో వైద్యం చేయించినాడు. మా భాగం చేను మాకే ఉండాది. ఇప్పటికీ ఉండాది. కాలిన వ్యాను తుక్కుకు పోయింది. తిప్పేసు మళ్ళీ స్టీరింగు పట్టలేదు, సుత్తి గూడా పట్టలేదు. రాయదుర్గంలో ప్యాంట్లు ఇస్త్రీ చేసే పనికి చేరినాడు. అట్లాంటి చేతులు. నిమిరి గరుకు కనుక్కునే చేతులు.

రెండేండ్లకు రత్నమ్మను పెండ్లి చేసుకున్నాడు. పాపం కడుక్కుంటాండాడని కొందరన్నారు. మా అత్త పెండ్లికి పోలేదు. నేను పోయినా. రత్నమ్మ ఎడమచేత్తో నాకు బొట్టు పెట్టింది. "మీ మరిది మంచోడక్కా, ఊరికే తనని తను తిట్టుకుంటాడు, నువ్వన్నా చెప్పు," అనింది. ఏం చెప్పల్ల నేను?

తర్వాత మా ఆయన మోటర్లు చుట్టే అంగడి పెట్టినాడు. చుట్టేది నేనే, ఇప్పుడు అందరికీ తెలుసు. కాలం మారింది. "ఆ యమ్మ కట్టిన మోటరు కాలదప్పా," అని రైతులు చెప్పుకుంటారు. ఆ మాట విన్న ప్రతిసారీ నేను లోపలికి పోయి నీళ్ళు తాగుతా.

కొన్నేండ్ల కింద తిప్పేసు చిన్న ఇల్లు కట్టుకున్నాడు. పాలు పొంగించేముందు కబురు పంపినాడు. కరెంటు పని ఎవరో చేసినారు, కానీ వదిన వచ్చి చూసినాకే స్విచ్చు వేస్తానని. పోయినా. మెయిను బోర్డు విప్పి ఒక్కో వైరూ చూసినా. తిప్పేసు నా వెనకాల దూరంగా, గోడకు ఆనుకోని నిలబడినాడు. ఫ్యూజు క్యారియరు పీకి, అందులో తీగె సన్నందేనా అని వేళ్ళతో చూసినా. ఇదే సమయం అనుకున్నా. "తిప్పేసూ, ఆ వ్యాను..." అన్నా.

"వద్దు వదినా," అన్నాడు చప్పున. "ఇంట్లో ఆమె ఉండాది. ఆ మాట ఎత్తద్దు."

క్యారియరు మళ్ళా బోర్డులోకి తోసి, మాట ఆపేసినా. వాడు వద్దన్నాడని కాదు. వద్దన్నాడు గదా అని లోపల సంతోషపడినా. ఇంక నన్ను ఎవురూ అడగరని. ఆ సంతోషం గుర్తొస్తే ఇప్పటికీ చెంపలు మండుతాయి.

ఇప్పుడు వాళ్ళకొక కూతురు. ఇంట్లో నవ్వులు వినపడతాంటాయి. ఇప్పుడు చెప్తే వాళ్ళ పెండ్లి ఏమయితాది, వాడు అమ్ముకున్న చేను, వదిలేసిన పని, తనను తను తిట్టుకున్న ఏండ్లు ఏమయితాయి? ఈ ప్రశ్నలు వాళ్ళ కోసం అడుగుతాండానా, నా కోసమా? రెండూ విడదీయలేను. వాళ్ళకు చెప్తానని మీకు మాట ఇస్తే, అది ఇంకో అబద్ధమైతాదేమో. అందుకే ఇవ్వను. నన్ను క్షమించమని గూడా అడగను. క్షమించేది మీరు కాదు.

ఇంతదాకా రాసి పెన్ను కింద పెట్టినా. మా ఆయన అంగడికి పోయినాడు. ఇంట్లో ఎవురూ లేరు. తలుపు దగ్గరికి వేసి, ఒకసారి పైకి అన్నా. "లైట్ల ఫ్యూజులో తీగె పెట్టింది నేను. తిప్పేసు కాదు."

నా గొంతే నాకు కొత్తగా వినపడింది. ఎంత చిన్న మాట! ఒక ఊపిరిలో అయిపోయింది.

ఇంకోసారి అన్నా. ఈసారి కొంచెం గట్టిగా.